చరిత్ర పాఠమునకు ముందొక ప్రశ్న

చరిత్ర పాఠమనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి తోచునవి రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు. వానిని కంఠస్థము చేయుట, పరీక్షలో వ్రాయుట, వేసవి సెలవులలో మరచుట ఏటేట జరుగు తంతు. ప్రాచీన చరిత్ర విషయమున ఈ బాధ మరింత హెచ్చు. గాంధీ మహాత్ముని గూర్చియో, కట్టబొమ్మనను గూర్చియో బాలుడు ఇంటిలో ఏదో వినియుండును. తిరునెల్వేలికి బస్సులో పోవునపుడు, 1799లో కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారును పెద్దలు చూపియే యుందురు. రెండువేల ఏండ్ల నాటి పాండ్యులను గూర్చి, శాతవాహనులను గూర్చి అట్లు చెప్పువారు ఇంట నుండరు. అందుచే పాఠము మొదలగు వేళకు తరగతిలో తెలిసినవారు ఉపాధ్యాయులొక్కరే, మిగిలినవారందరు వినువారు.

ఈ స్థితిని మార్చుటకు ఒక చిన్న ఉపాయము కలదు. పాఠమునకు ముందు ఐదారు నిమిషములు ఒక ప్రశ్న నడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములో నుండరాదు. చదివినవాడును చదువనివాడును ఒకే విధముగ ఆలోచించి తన అభిప్రాయము చెప్పుటకు వీలైనదిగా నుండవలెను. కుస్తీ పట్టువాడు గోదాలోనికి దిగకముందు నాలుగు బస్కీలు తీసి ఒడలు వేడిచేసికొనును గదా, ఇదియు నట్టిదే. మనకు ఇది బొత్తిగా క్రొత్తయు కాదు. బేతాళుడు విక్రమార్కుని భుజముపై నుండి అడుగు ప్రశ్నలు ఇట్టివే. తేడా యొక్కటి: అచట తెలిసియు చెప్పనిచో తల వేయి వ్రక్కలగును, మన తరగతిలో ఏ జవాబునకును తలకు ముప్పు లేదు.

ఒక ఉదాహరణము చూతము. పాఠము పాండ్యుల వాణిజ్యము. తూత్తుకుడి జిల్లాలో తామ్రపర్ణి ప్రాంతమున నున్న కొర్కై నేడొక చిన్న గ్రామము. ఒకప్పుడు పాండ్యుల రేవుపట్టణము, ముత్యములకు పేరుపొందినది. నది తెచ్చిన ఒండ్రు మేటవేయగా సముద్రము కొన్ని మైళ్ళు తొలగిపోయినది. ఈ మాటలతోనే పాఠము మొదలుపెట్టినచో పిల్లలు వ్రాసికొందురు, అంతటితో సరి. అట్లుకాక, కొర్కై పేరెత్తక మునుపే ఉపాధ్యాయుడు ఇట్లడుగవచ్చును: "ఒకడు నేరం చేసి పట్టుబడ్డాడు. ప్రాణానికి ముప్పు ఉన్న పని వాడి చేత చేయించవచ్చునా?"

తరగతి వెంటనే రెండుగా చీలును. చేయించవలసినదే యని కొందరందురు. ఏమి నేరమో తెలియక ఎట్లు చెప్పుదుమని ఒకరు. వాడు చచ్చినచో వాని బిడ్డలకు కూడెవరు పెట్టుదురని వేరొకరు. ఆ పనివలన వచ్చు సొమ్మెవరిదని వర్తకుల ఇంటి పిల్ల అడిగినను అడుగును. ఉపాధ్యాయుడు ఎవరిని సమర్థింపడు, ఎవరిని ఖండింపడు. ఇరుపక్షముల మాటలను నల్లబల్లపై రెండు వరుసలుగా వ్రాయును. పిమ్మట పాఠము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, పేరు తెలియని యొకడు గ్రీకు భాషలో వ్రాసిన 'పెరిప్లస్' అను గ్రంథము కలదు. అందు కొర్కైని 'కొల్ఖోయి' అని పేర్కొని, అచట శిక్షపడిన నేరస్థులచే ముత్యములు తీయించుచుండిరనియు, ఆ చోటు పాండ్యరాజ్యము లోనిదనియు వ్రాసియున్నాడు.

ఇప్పుడా వాక్యము పిల్లలకు పరాయిది కాదు. తాము కొంత తడవు వాదించిన సంగతియే. ఊపిరి బిగబట్టి ఎంత లోతు దిగుదురు? తీసిన ముత్యములో వానికి పాలు కలదా? ఈ గ్రీకువాడు కంట చూచెనా, ఎవరో చెప్పగా వినెనా? ఈ కడపటి ప్రశ్నను పదమూడేండ్ల బాలుడు తనంతట అడిగినచో ఆ దినము పాఠము ఫలించినదనుకొనవచ్చును. పండితులును ఆ గ్రంథమును గూర్చి అదియే అడుగుచున్నారు. ఏలయన, గ్రంథకర్త మన పశ్చిమతీరమును గూర్చి విపులముగా వ్రాసి, తూర్పుతీరమునకు వచ్చుసరికి ముక్తసరిగా ముగించినాడు.

విరుదునగరమున మిరపకాయల మండీల నడుమ పెరుగు పిల్లలకు మరియొక ప్రశ్న వేయవచ్చును: "మన సొమ్ము పై దేశపు సరకుకు పోవడం నష్టమేనా?" తరువాత రోమను రచయిత ప్లినీ ఫిర్యాదును వినిపింపవలెను. ఏటేట ఐదుకోట్ల సెస్టర్షియస్ నాణెములు భారతదేశము పాలగుచున్నవని అతడు వాపోయెను. కొన్నవాని దుఃఖమిది, అమ్మినవాని లెక్క ఏమో పిల్లలే ఊహింతురు.

మన పాఠశాలలకు ఈ పద్ధతి ఇంకొక కారణమున మిక్కిలి అవసరము. కోవిల్‌పట్టి, విరుదునగరముల చుట్టునున్న నల్లరేగడి సీమలో తెలుగు కుటుంబములు విజయనగర, నాయకరాజుల కాలము నుండి నివసించుచున్నవి. ఆ వలసల కథను ఇడైసేవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలగా వ్రాసెను. మన ఇంటి తెలుగు తరతరములుగా చెవినిబడి వచ్చినది. అందు తమిళము పాలలో నీళ్ళవలె కలిసిపోయినది. పుస్తకములోని తెలుగు వేరు. కావున తరగతిలో ప్రశ్న అడిగినపుడు మన బాలునికి రెండు భయములు: సంగతి తప్పునేమో యని ఒకటి, మాట తప్పునేమో యని వేరొకటి. రెండవదియే పెద్దది. నోరు విప్పని పిల్లలలో పలువురు తెలియనివారు కారు, నగుబాటునకు వెరచినవారు.

అభిప్రాయము నడుగు ప్రశ్నలో మొదటి భయము తనంత తొలగును. రెండవదానిని తొలగించు భారము ఉపాధ్యాయునిది. ఆ ఐదు నిమిషములు భాషను దిద్దరాదు. బాలుడు "ముత్తు" అన్నచో ఎవరును నవ్వరాదు. నల్లబల్లపై 'ముత్యము' అని వ్రాసిన చాలును. ఆ రెండు మాటలును చుట్టములని వాడే గుర్తించును. ఇంట అవ్వతో మాటలాడునట్లే తరగతిలో మాటలాడి, దానికి తోటివారు సరియైన బదులు చెప్పుట వినినచో, తన తెలుగు ఆలోచించుటకు పనికివచ్చు భాషయే యని వానికి తెలియును. ఎన్ని వ్యాకరణ పాఠములు చెప్పినను ఇది రాదు.

అశోకుని పాఠమునకు తగిన ప్రశ్న యొకటి: "మీరు ఒకరికి కీడు చేశారు. తర్వాత తప్పు తెలిసింది. నష్టపోయినవాడి ఎదుట ఒప్పుకోవాలా, లోకమంతటి ఎదుటనా?" కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు అశోకుడు తన పదమూడవ శిలాశాసనమున తానే చెప్పి పశ్చాత్తాపపడెను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఆ శాసనము కలదు. పాండ్యుల పేరును, ఆంధ్రుల పేరును అందే కనబడును. మన పిల్లలకు ఇది తప్పక చూపవలెను. కాని కళింగదేశమున, ధౌలిలో గాని జౌగడలో గాని, ఆ శాసనమును చెక్కింపలేదు. దానికి మారుగా అధికారులకు వేరు ఆజ్ఞలు చెక్కించెను. మానుచున్న గాయమును రేపరాదనియా? సిగ్గుచేతనా? పాలనకు చేటనియా? రాజు కారణము చెప్పలేదు. ముందే వాదించిన పిల్లలు ఈ మౌనమును ఊరక విడువరు.

ఏ ప్రశ్న యైనను పనికిరాదు. "అశోకుడు గొప్పవాడా?" యని పాఠమునకు ముందడిగినచో చదువనివాడు ఏమి చెప్పును? "నిజము పలుకుట మంచిదా?" యన్నచో అందరిదియు నొకే జవాబు. కులమును, మతమును, ఇంటి కలిమిలేములను బయటపెట్టించు ప్రశ్నలు అసలే కూడవు. మరియొక లోపము తరచు కనబడును: ప్రశ్న బాగుండును, వాదము జోరుగా సాగును, గంట కొట్టుదురు, పాఠము మాత్రము జరుగదు. గడియారము చూచి ఆపవలెను. పాఠము ముగిసిన పిమ్మట నల్లబల్లపై రెండు వరుసలకు మరల వచ్చి, ఎవరైన మనసు మార్చుకొన్నారా, ఏ ఆధారముచేత, అని అడుగవలెను.

ఇందువలన మార్కులు వచ్చునా యని తల్లిదండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పేర్లు, సంవత్సరములు నేర్వక తప్పదు. ఈ పద్ధతి వానికి మారు కాదు. అయినను కొర్కై నేరస్థుల పక్షమున వాదించినవాడు కొర్కై పేరును అంత సులువుగ మరువడు.

తల్లిదండ్రులు ఇంటిలోను దీనిని నడుపవచ్చును. విరుదునగరము జిల్లా వెంబకోట్టైలో, వైప్పారు చెంత, రాష్ట్ర పురావస్తుశాఖ 2022లో త్రవ్వకములు మొదలిడినది. శంఖపు గాజులు, పూసలు బయటపడినవి. రాత్రి భోజనము వేళ, "మన చేను దున్నుతుంటే పాత బంగారు కాసు దొరికితే అది ఎవరిది?" అని అడిగి చూడుడు. తాత ఒకటి చెప్పును, మనుమడు ఇంకొకటి చెప్పును. అటుపిమ్మట, పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనను 1878 నాటి చట్టమును గూర్చి చెప్పుడు. 1876లో బెర్లిను నుండి వచ్చిన యాగోర్ ఆదిచ్చనల్లూరులో త్రవ్వించి తమ దేశమునకు కొనిపోయిన వస్తువులను గూర్చియు చెప్పుడు. వాదము ముగియకున్నను చింతలేదు. పిల్లవాడు మరునాడు ఆ ప్రశ్నను తరగతికి తెచ్చినచో దానితోనే పాఠము మొదలుపెట్టవచ్చును.