మరమ్మతు షెడ్లలో చేతిదీపం: పాటించవలసిన భద్రతా నియమాలు

సరిహద్దు జిల్లాల రహదారుల వెంట వాహన మరమ్మతు షెడ్డు లేని ఊరు అరుదు. హోసూరు, బళ్లారి, రాయగడ, యానాం, ఎక్కడ చూసినా బడి చదువు ముగించిన మన పిల్లలు అనేకులు అక్కడ పని నేర్చుకుంటున్నారు. "కాస్త లైటు పట్టుకోరా" అన్నదే చాలామందికి తొలి పాఠం. ఆ లైటు సరిగా లేనిచో ఏమగునో యజమానులు, తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరం.

మన సరఫరా విద్యుత్తు 230 వోల్టులది. చెమటతో తడిసి, తడినేలపై పడుకొని పనిచేసేవాని దేహనిరోధం సుమారు 1,000 ఓములకు తగ్గిపోవచ్చును. వోల్టులను ఓములతో భాగిస్తే, తెగిన తీగ తగిలినప్పుడు దేహంలో ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల వద్దనే పిడికిలి బిగుసుకొని తీగను వదలలేని స్థితి కలుగుతుంది. 50కి మించిన ప్రవాహం కొద్ది సెకన్లు సాగినా గుండె లయ తప్పవచ్చు.

ఎం.సి.బి. ఉన్నది గదా అని ధైర్యపడేవారున్నారు. అది తీగలు కాలిపోకుండా కాపాడేది. 60 వాట్ల బల్బు సైతం దాదాపు 260 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటుంది. అంతకన్న తక్కువ ప్రవాహానికి 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఎలా ఆగుతుంది? మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.

రబ్బరు టైర్లే రక్షణ అన్నది మరొక భ్రమ. చర్మం చీలిన తీగ వాహనానికి తగిలినచో, టైర్లు కరెంటును నేలకు పోనీయకుండా చాలావరకు అడ్డుకుంటాయి. కనుక ఫ్యూజు పోదు, వాహనమంతా కరెంటుతో నిండి ఉంటుంది. తడినేలపై నిలిచి దానిని తాకినవాడే కరెంటుకు దారి అవుతాడు.

వాహనం కింద తవ్విన గొయ్యిలో ముప్పు రెట్టింపు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది; గొయ్యిలో పేరుకుంటుంది. అక్కడ వేడి బల్బు పగిలినా, స్విచ్చి నిప్పురవ్వ రాల్చినా చాలును. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36-ఎ సెక్షను, తగిన రక్షణ సాధనాలు లేనిదే 24 వోల్టులకు మించిన చేతిదీపాన్ని గొయ్యి, తొట్టి వంటి ఇరుకుచోట్ల వాడరాదని, మండే ఆవిరి ఉండగల చోట జ్వాలానిరోధక దీపమే వాడవలెనని నిర్దేశించింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి రూపొందింది. ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్లు పాత చట్టం పరిధిలోకి రానే లేదు. అయినను కరెంటు మనుషులను లెక్కించి ప్రవహించదు.

పాటించవలసినవి ఇవి:

1. బ్యాటరీతో నడిచే ఎల్.ఇ.డి. దీపం శ్రేష్ఠం. పెట్రోలు ఆవిరి ఉన్నచోట అదియును జ్వాలానిరోధకమైనదై ఉండాలి.

2. తీగ దీపమే వాడవలసి వస్తే 12 లేదా 24 వోల్టులది వాడాలి. దాని ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్టలు వేర్వేరుగా ఉండాలి. ఒకే చుట్ట గల ఆటో ట్రాన్స్‌ఫార్మరు రక్షణ ఇవ్వదు. ట్రాన్స్‌ఫార్మరును గొయ్యిలోకి దింపరాదు.

3. తీగ కొనలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించే అలవాటు మానవలెను. ప్లగ్గు తప్పనిసరి. లోహపు భాగాలున్న 230 వోల్టుల దీపానికి ఎర్తుతో కూడిన మూడు తీగల కేబులు ఉండాలి.

4. టేపు చుట్టిన అతుకులు, పగిలిన హోల్డరు, జాలీ లేని బల్బు కనబడితే ఆ దీపాన్ని పక్కన పెట్టాలి. కేబులు మీదుగా వాహనం నడపరాదు.

5. ఆర్.సి.సి.బి. మీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి.

6. పెట్రోలు ట్యాంకును గొయ్యిపై గాక ఆరుబయట, నిప్పుకు దూరంగా ఖాళీ చేయాలి.

ఎవరికైనా షాక్ తగిలితే ముందుగా మెయిన్ ఆపాలి. అది వీలుగానప్పుడు ఎండిన కర్రతో తీగను తప్పించాలి. ఒట్టి చేతులతో తాకరాదు. శ్వాస ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి గాని 112కి గాని ఫోను చేయాలి.

మన షెడ్లలో ఇంటిభాష తెలుగైనా బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదివిన కుర్రవాళ్లు ఎందరో. కనుక ఈ నియమాలను రెండు లిపులలోనూ వ్రాసి స్విచ్చి బోర్డు పక్కన అంటించుట యజమానుల కర్తవ్యం. పనిలో చేరిన తొలిరోజుననే వానిచేత ఒకసారి పైకి చదివిస్తే ఇంకను మేలు.