కాలరు మురికి, బాక్టీరియా లైపేజ్

ట్రాయ్ అనగానే మనవాళ్ళలో చాలామందికి మిషిగన్‌లోని ట్రాయ్ గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీకి దగ్గర్లో, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్. దానికి 'కాలర్ సిటీ' అని ఇంకో పేరుంది. 1827 ప్రాంతంలో హన్నా మాంటేగ్ అనే ఆవిడ, చొక్కా అంతా బాగానే ఉండి కాలరు ఒక్కటే మాసిపోతోందని విసుగెత్తి, భర్త చొక్కాలకి కాలర్లు కత్తిరించి, విడిగా ఉతికి మళ్ళీ తగిలించేట్టు చేసిందట. దాంతో ఊరికి పెద్ద పరిశ్రమే వచ్చింది. ఆ కాలర్లు ఉతికి గంజిపెట్టే ఆడవాళ్ళు 1864లో కేట్ ముల్లానీ నాయకత్వంలో యూనియన్ కూడా పెట్టుకున్నారు.

కాలరు మురికి అంత మొండిగా ఉండటానికి కారణం ఒంటి జిడ్డు. అది కొవ్వు, నీళ్ళలో కరగదు. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ పేరు లైపేజ్. అది మన కడుపులోనూ ఉంది, బాక్టీరియాలోనూ ఉంది. సూడోమోనాస్, బాసిల్లస్ వంటి బాక్టీరియా చుట్టూ ఉన్న కొవ్వును తినడానికి దీన్ని బయటికి వదులుతాయి. డిటర్జెంట్లకే కాదు, చీజ్ తయారీకి, తోళ్ళలో కొవ్వు తియ్యడానికి, బయోడీజిల్‌కి, మందుల తయారీకి కూడా లైపేజ్‌లు వాడతారు.

చిక్కల్లా దాన్ని విడదీయడంలో ఉంది. ఫెర్మెంటర్‌లోంచి వచ్చే ద్రవంలో లైపేజ్ కొంచెమే, తక్కినదంతా బాక్టీరియా కణాలు, ఉప్పులు, వేరే ప్రోటీన్లు. వాటిలో ప్రోటీయేజ్‌లు ఉంటే మరీ ప్రమాదం. అవి ప్రోటీన్లను తినే ఎంజైమ్‌లు, లైపేజ్ కూడా ప్రోటీనే కదా! అందుకని ఆలస్యం చెయ్యకుండా ముందు సెంట్రిఫ్యూజ్‌లో కణాలను తీసేస్తారు. తర్వాత సన్న రంధ్రాల మెంబ్రేన్ గుండా నీటిని పంపేసి, మిగిలినదాన్ని చిక్కబరుస్తారు. లేదా అమ్మోనియం సల్ఫేట్ వేస్తారు. అవును, మన పొలాల్లో చల్లే ఎరువే! అది ఎక్కువైతే ప్రోటీన్లు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి.

ఆ తర్వాత కాలమ్. లైపేజ్‌కి నూనెగుణం ఉన్న వాటిని అంటుకునే అలవాటుంది. ఉప్పు బాగా ఉన్న ద్రావణంలో అలాంటి గుళికలున్న కాలమ్ గుండా పంపిస్తే లైపేజ్ పట్టుకుని ఉండిపోతుంది, చాలా ప్రోటీన్లు జారిపోతాయి. ఉప్పు తగ్గిస్తే లైపేజ్ దిగివస్తుంది. ఇదే అలవాటు ఒక్కోసారి తలనొప్పి కూడా, సూడోమోనాస్ కణాల పైపొరలోని కొవ్వు పదార్థాలను పట్టుకుని ఓ పట్టాన వదలదు. ఈ విడదీసే విద్యలో ట్రాయ్‌కి మంచి పేరుంది. 1824లో అక్కడ మొదలైన రెన్సెలార్ పాలిటెక్నిక్‌లో స్టీవెన్ క్రామర్ కాలమ్‌ల మీద, జార్జెస్ బెల్ఫోర్ట్ మెంబ్రేన్‌ల మీద చాలా ఏళ్ళు పనిచేశారు.

ఎంతవరకు శుద్ధి చెయ్యాలన్నది అసలు ప్రశ్న. ఒక్కో మెట్టులో 100కి 80 వంతులు దక్కినా, అయిదు మెట్లు దాటేసరికి మిగిలేది 33 వంతులే. మందుల తయారీకైతే ఆ ఖర్చు భరించవచ్చు. సబ్బుపొడికి భరించలేరు, కాబట్టి కణాలు తీసి చిక్కబరిచిన సరుకుతో సరిపెడతారు. కాని ఒక జాగ్రత్త తప్పదు. 1960లలో ఎంజైమ్ పొడి కలిపిన డిటర్జెంట్ ఫాక్టరీల్లో ఆ దుమ్ము పీల్చిన పనివాళ్ళకి ఉబ్బసం వచ్చింది. అప్పటినుంచి ఎంజైమ్‌ను దుమ్ము లేవకుండా పూతపూసిన గుళికలుగా చేస్తున్నారు. అది కొన్నవాళ్ళ కోసం కన్నా కలిపేవాళ్ళ కోసం పెట్టిన ఖర్చని నా ఉద్దేశం.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. సీసీఎంబీలో ఎన్. మధుసూదనరావు బృందం బాసిల్లస్ సబ్‌టిలిస్ లైపేజ్‌ను తీసుకుని, జన్యువులో మార్పులు చేస్తూ, తట్టుకున్నవాటిని ఏరుతూ, వేడికి ఓర్చుకునే రకాలు తయారుచేసింది. 181 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. 2011 నాటికి దాని ఓర్పు 20 డిగ్రీల సెల్సియస్‌కి పైగా పెరిగింది. ఇలాంటి ఎంజైమ్ చేతిలో ఉంటే శుద్ధిలో ఒక సులువు దొరుకుతుంది. ద్రవాన్ని కాసేపు వేడిచేస్తే తక్కిన ప్రోటీన్లు చాలావరకు విరిగిన పాలలా ముద్దకడతాయి, లైపేజ్ పైన తేటలో ఉండిపోతుంది.