మా పాప పిల్లల డాక్టరవుతుందట!

"మా పాప డాక్టరవుతానంటోందండీ, అదీ పిల్లల డాక్టరే అవుతుందట" అని ఒక తల్లి మురిపెంగా చెబుతుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. అయితే అందుకు ఎన్నేళ్లు చదవాలో, ఏం నేర్చుకోవాలో మన పల్లెల్లోని తల్లిదండ్రులకు అంతగా తెలియదు.

ఇంటరులో బై.పి.సి. తీసుకోవాలి. ఆ తరువాత నీట్ పరీక్ష. దీనిని తెలుగులో కూడా వ్రాయవచ్చు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్లు, ఆపైన హౌస్ సర్జన్‌గా ఒక ఏడాది. అక్కడికి డాక్టరే గాని పిల్లల డాక్టరు కాదు. మళ్లీ ప్రవేశ పరీక్ష వ్రాసి మూడేళ్ల ఎం.డి. గాని, డి.ఎన్.బి. గాని చేయాలి. రెండేళ్ల డి.సి.హెచ్. డిప్లొమా కూడా ఉంది. ఒకప్పుడు మన పట్టణాల్లో పిల్లల డాక్టర్ల బోర్డుల మీద తరచుగా కనబడినవి ఈ మూడక్షరాలే. అంటే ఇంటరు తరువాత తక్కువలో తక్కువ ఏడున్నర ఏళ్లు. మొదటిసారే సీటు దొరికితే సుమా!

ఇన్నేళ్లలో నేర్చుకునేది మందుల పేర్లు మాత్రమే కాదు. పసిబిడ్డ తన బాధ చెప్పలేదు. కనుక తల్లి చెప్పేది ఓపికగా వినడం పెద్ద విద్య. "నిన్నటినుండి పాలు పట్టడం లేదండీ" అన్న ఒక్క మాటతో మంచి డాక్టరు జాగ్రత్తపడతాడు. బిడ్డను తూచకుండా మందు వ్రాయడు, ఎందుకంటే మోతాదు బరువును బట్టి ఉంటుంది. పెద్దల మాత్రను సగం విరిచి ఇచ్చే అలవాటు మన ఇండ్లలో ఇంకా పోలేదు!

అన్నిటికంటే ముఖ్యం, చొక్కా పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టడం. దగ్గుతున్న బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తే న్యుమోనియా అని అనుమానించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, లేదా అంతకంటే ఎక్కువ. ఖర్చులేని పరీక్ష ఇది. అయినా పక్కలెగరేస్తున్న బిడ్డకు దిష్టి తీయించి, వాతలు పెట్టించి, విలువైన రెండు రోజులు పోగొట్టుకునేవారున్నారు.

ప్రభుత్వ నియమం ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, అందులో ఒక పిల్లల డాక్టరు ఉండాలి. దేశంలో చాలాచోట్ల ఆ కుర్చీ ఖాళీ. చదువైనవారు పట్నంలో స్థిరపడుతున్నారు. వారిని మాత్రమే నిందించి లాభం లేదు. రాత్రివేళ నర్సు, ఆక్సిజన్ లేనిచోట ఎంత చదివినవారైనా ఏం చేయగలరు?

1918లో ఐడా స్కడర్ వైద్య విద్య ఆరంభించిన వేలూరులో, సంఘాల సిఫారసుతో చేరినవారు చదువయ్యాక మిషన్ ఆస్పత్రుల్లో పనిచేసి తీరాలనే ఒప్పందం పెట్టారు. మన సంఘంలో చదివే పిల్ల ఉంటే ఆ దారి గురించి పాస్టరుగారిని అడిగి చూడండి.

ఆ పాప డాక్టరై వచ్చేలోగా మీ ఇంట్లో బిడ్డ దగ్గుతూ ఆయాసపడితే, గడియారం చేతబట్టి ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. లెక్క మించినా, డొక్క లోపలికి పోతున్నా, పాలు త్రాగలేకపోతున్నా, తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి బయలుదేరండి.