సెంటు స్థలంలో మగ్గం ఎక్కడ వేయాలి?

ప్రొద్దుటూరు: పేదవాని ఇంటి విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా, అమ్మకందార్ల ఇష్టానికి వదిలేయాలా అన్న చర్చ పాతదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో దీనికి జవాబు మగ్గం గుంత దగ్గరే దొరుకుతుంది.

నేతపనివారికి ఇల్లే కార్ఖానా. మగ్గానికి నేలలో గుంత తీయాలి. నూలు వానకు తడవకూడదు. అద్దె ఇంట్లో గుంత తవ్వాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఆయన ఖాళీ చేయమంటే గూడుతోపాటు కూడూ పోతుంది.

అద్దె చట్టం

1960లో రాష్ట్రంలో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె నిర్ణయించే అధికారం రెంట్ కంట్రోలరుకు దక్కింది. సరైన కారణం లేకుండా ఖాళీ చేయించరాదన్నారు. అయితే ఆ చట్టం ప్రధానంగా మునిసిపాలిటీలకే గనుక పల్లెల్లోని నేతగానికి పెద్దగా అక్కరకు రాలేదు.

సొంత ఇల్లు

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా పేదలకు ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర. ఇంటికి 1.80 లక్షల రూపాయలు, 340 చదరపు అడుగుల నమూనా. సెంటంటే 48 గజాల పైచిలుకు. అందులో వంట, పడక పోను మగ్గానికి చోటేది?

నల్లరేగడిలో మరో చిక్కు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ నేలలో పునాది లోతుగా వేయాలి. గట్టి నేలలో కట్టుకునేవారికీ, వీరికీ ఇచ్చే సొమ్ము మాత్రం ఒకటే. పులివెందుల వైపు అరటి, చీనీ తోటలకు పోయే కూలీలకు ఊరికి దూరంగా స్థలమిస్తే కూలిలో కొంత ఆటోకే సరి.

ఏమి చేయాలి?

బజారుకే వదిలేస్తే పేదవానికి జానెడు జాగా దొరకదు. కనుక ప్రభుత్వం కల్పించుకోవలసిందే. కానీ ఇంటి కొలత వృత్తిని బట్టి ఉండాలి. 1980లలో కేంద్రం నేతగాళ్ళకు మగ్గం షెడ్డుతో కూడిన ఇళ్ళ పథకం పెట్టింది. అంటే ఈ అవసరం పాలకులకు తెలియనిది కాదు. పట్టణాల్లో 2, గ్రామాల్లో 3 సెంట్లు ఇవ్వాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇది మంచిదే. ఇదివరకే సెంటు పట్టా పుచ్చుకున్న నేతగాళ్ళకు కాలనీలోనే ఉమ్మడి మగ్గాల షెడ్డు కట్టించే విషయం అధికారులు ఆలోచించాలి.