వానను చెత్త అనుకున్న యంత్రం

విశాఖలో కైలాసగిరి ఎక్కినవాళ్లు శివపార్వతుల విగ్రహాల ముందు ఫొటో దిగుతారు. అదే కొండ మీదున్న గుండ్రటి గుమ్మటాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దాని లోపల పెద్ద పళ్లెం లాంటి యాంటెన్నా తిరుగుతూ సముద్రం మీది ఆకాశాన్ని గాలిస్తుంటుంది. అదే డాప్లర్ వాతావరణ రాడార్.

వాన కోసం పుట్టిన యంత్రం కాదిది. కానీ దీన్ని కన్నది వాన మనిషే. బ్రిటిష్ వాతావరణ శాఖలో చేరిన రాబర్ట్ వాట్సన్-వాట్, మెరుపులు రేడియోలో పుట్టించే గరగరను పట్టుకుని ఉరుముల మబ్బు ఎక్కడుందో వెతికేవాడు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర, బీబీసీ ప్రసార తరంగాలు ఒక విమానానికి తగిలి వెనక్కి రావడాన్ని చూపించాడు. అక్కణ్నుంచి రాడార్ సైన్యం సొత్తయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో దానికి పది సెంటీమీటర్ల తరంగాలు అమరాయి. వాటితో ఒక చిక్కు వచ్చిపడింది. వాన పడితే తెర మీద తెల్లటి మరకలు కమ్మేవి, వాటి చాటున శత్రు విమానం దాక్కునేది. ఆపరేటర్ల లెక్కలో అదంతా చెత్త. 1944 డిసెంబరులో పసిఫిక్‌లో అమెరికా నౌకాదళం టైఫూన్‌లో చిక్కుకుని మూడు డిస్ట్రాయర్లనీ, దాదాపు 790 మందినీ పోగొట్టుకుంది. ఆ రోజు ఓడల రాడార్ తెరల మీద కనిపించిన ‘చెత్త’ మాత్రం సుడి తిరిగి, నడుమ కన్నుతో, అచ్చం తుపాను బొమ్మలా ఉంది.

చినుకుకు తగిలి వెనక్కొచ్చే తరంగాన్ని రాడార్ వింటుంది. నూట యాభై కిలోమీటర్ల అవతలి వాన నుంచి జవాబు రావడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. చినుకు వ్యాసం రెట్టింపైతే జవాబు 64 రెట్లు గట్టిగా వస్తుంది. ఆ గట్టితనం నుంచి వాన జోరును లెక్కగట్టే దారిని 1948లో కెనడాలో మార్షల్, పామర్ వేశారు. డాప్లర్ రాడార్ ఇంకో మెట్టు ఎక్కింది. దగ్గరకొచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యేది బొంగురుగా వినిపించినట్టే, చినుకులు మనవైపు వస్తున్నాయో అటు పోతున్నాయో తరంగంలోని మార్పు చెబుతుంది. అంటే వానతోపాటు గాలి వేగమూ దొరుకుతుంది.

ఈ తెర బొమ్మ జనం కంటపడితే ఏమవుతుందో ఒక ఊరు చూపించింది. 1900లో అమెరికాలోని గాల్వెస్టన్‌ను ముంచిన హరికేన్ వేలమందిని బలిగొంది. 1961లో కార్లా హరికేన్ వచ్చినప్పుడు డాన్ రాదర్ అనే విలేఖరి అదే ఊరి రాడార్ తెరను టీవీలో చూపించాడు. తెర మీద తీరం పటం పెట్టేసరికి తుపాను ఎంత పెద్దదో జనానికి కళ్లకు కట్టింది. సుమారు మూడున్నర లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే.

మన దేశంలో తొలి తుపాను రాడార్ 1970లో విశాఖకే వచ్చింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేల మంది పోయారు. తీరంలో యంత్రం ఉండటం ఒక ఎత్తు, కబురు పూరింటి గడప దాకా చేరడం ఇంకో ఎత్తు.

యంత్రానికీ ఒక హద్దుంది. భూమి గుండ్రం, తరంగం దాదాపు తిన్నగా పోతుంది. నాలుగు వందల కిలోమీటర్లు దాటేసరికి అది పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరిపోతుంటుంది. నడిసముద్రంలో తుపానును కనిపెట్టే పని ఉపగ్రహాలది. గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచే తుపాను రాడార్‌కు చిక్కేది చివరి రోజునే. ఊళ్లు ఖాళీ చేయించాలంటే కలెక్టరు బస్సులు అంతకు ముందే కదలాలి. ఏ మండలం మీద దెబ్బ గట్టిగా పడుతుంది, ఇంకెన్ని గంటలుంది అన్నది తేల్చడమే రాడార్ పని.

2002లో తొలి డాప్లర్ రాడార్ చెన్నైకి వచ్చింది. 2004లో మచిలీపట్నానికి, తర్వాత విశాఖకు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఫోన్లు మూగబోయాయి. కైలాసగిరి రాడార్ కూడా దెబ్బతిని పనిచేయడం ఆగిపోయింది. అప్పటికే లోతట్టు ఊళ్ల జనం పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. గుమ్మటం గాలికి ఓడిన ఆ వేళకు, అది చెప్పాల్సిన మాట చెప్పేసింది.