నేలపై నిలుచు మంచు

మంచు అను మాట మన తెనుగున మిక్కిలి యుదారమైనది. గడ్డిపరకపై మెఱయు బిందువును మంచే, వేకువను పొలములను గప్పు పొగయు మంచే, హిమాలయమున మోకాలిలోతు పేరుకొను తెల్లనిపొడియు మంచే. అమరసింహుడును నీహార తుషార హిమ శబ్దములను ఒక్క వరుసనే చెప్పి ఊరకుండెను. ఈ భేదమును బాలురకు బోధింప నేను పడిన ప్రయాస ఇంతింత కాదు. నేడు నేను చెప్పబోవునది హిమనదులను గూర్చియు కాదు. శీతకాలమున నేలపై పడి, వేసవికి కరగిపోవు తెల్లని దుప్పటిని గూర్చి.

క్రొత్తమంచు తనపై బడిన యెండలో నూటికి 80 పాళ్లకు మించి త్రిప్పి పంపును. అది తొలగినచో బయల్పడిన నల్లనేల ఆ యెండను మ్రింగి వేడెక్కును. ఆ వేడిమి ప్రక్కనున్న మంచును కరగించును. మఱికొంత నేల బయల్పడును. షావుకారు లెక్కలో వడ్డికి వడ్డి పెరుగుట యిట్టిదే. పొయ్యిల మసియు యంత్రముల మసియు పైబడెనా, కరుగుట మఱింత త్వరపడును.

1967 మొదలు 2012 వఱకు ఉత్తరార్ధగోళమున జూన్ నెలలో మంచు గప్పిన ప్రదేశము పదేండ్లకు నూటికి 11.7 పాళ్ల చొప్పున తగ్గినది. మార్చి, ఏప్రిల్ నెలలలో తగ్గుదల 1.6 పాళ్లే.

మనకేమి సంబంధమందురా? వసంతమున హిమాలయముపై మంచు అధికముగా నిలిచిన యేట నైరుతివాన తగ్గునని భారత వాతావరణశాఖ ప్రథమాధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో వ్రాసెను. ఎండ మంచు కరగించుటకే వ్యయమగుటచే భూమి ఆలస్యముగా వేడెక్కునని తర్కము. అట్లయిన మంచు తగ్గుట మనకు మేలేకదా యని తొందరపడరాదు. ఈ సంబంధము అన్ని యేండ్లను నిలువదని తరువాతివారు కనుగొనిరి. పసిఫిక్ సముద్రపు వేడిమి వంటివి దానిని త్రోసిపుచ్చును.

నష్టము మాత్రము నిశ్చయము. వానలు రాకమున్నే సింధు గంగాదులకు నీరిచ్చు గాదె యీ మంచే. 2024-25 శీతకాలమున హిందూకుష్ హిమాలయ ప్రాంతమున మంచు సాధారణముకంటె నూటికి 23.6 పాళ్లు తక్కువగా నిలిచినది. 23 ఏండ్లలో ఇంత తక్కువ లేదు.

లడఖ్‌లో హిమనదుల నీరు సమృద్ధిగా వచ్చుసరికి జూన్ దాటును. విత్తువేళ ఏప్రిల్, మే. అందుచే అచ్చటివారు శీతకాలపు వాగునీటిని గొట్టములద్వారా పైకి చిమ్మించి, స్తూపాకారమున గడ్డకట్టించి, విత్తువేళకు దాచుకొనుచున్నారు.