పాలారు సీమలో రొట్టె గోధుమ

బ్రెడ్డుకు ఏ గోధుమ మేలని వెతికితే అమెరికాలోని కాన్సాస్‌లో పండే చలికాలపు ఎర్రగోధుమల పేర్లే ముందు వినిపిస్తాయి. ఆ విత్తనం తెచ్చి తమిళనాట పాలారు సీమలోని వేలూరు, గుడియాత్తం చేలల్లో కార్తీకంలో చల్లితే మొలుస్తుంది, పిలకలూ వేస్తుంది. వెన్ను మాత్రం తీయదు. సంక్రాంతి దాటినా గడ్డిలాగే ఉండి, ఎండలు ముదిరేసరికి మాడిపోతుంది. ఎరువు పెంచినా, నీళ్లు పెంచినా ఫలితం ఉండదు.

అలాంటి మొక్కను పీకి మొదలును బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కింద పెట్టండి. నేలమట్టం దగ్గర ఆవగింజ కన్నా చిన్న పెరుగుమొన కనిపిస్తుంది. అది ఆకు తర్వాత ఆకు తీస్తూనే ఉంటుంది. పూత పనిని వీఆర్‌ఎన్2 అనే జన్యువు ఆపి ఉంచుతుంది. సున్నా నుంచి 8 డిగ్రీల చలిలో నెల రెండు నెలలు గడిస్తే వీఆర్‌ఎన్1 జన్యువు మేలుకొని ఆ అడ్డు తొలగిస్తుంది. దీన్నే వెర్నలైజేషన్ అంటారు. వేలూరులో జనవరి రాత్రుల సగటే 18 డిగ్రీల దరిదాపు. ఆ చలి ఇక్కడ ఎన్నటికీ దొరకదు.

పంజాబ్‌లో శీతాకాలంలో పండేది కూడా ఈ రకం కాదు. అది చలి అడగని వసంత గోధుమ. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ పెంచిన పొట్టి రకాలు కూడా ఆ కోవలోవే. పగటి నిడివి మారినా పట్టించుకోని గుణం వాటికి ఉండటం వల్లే, 1966లో తెప్పించిన 18,000 టన్నుల విత్తనం మన దేశంలో నిలదొక్కుకుంది. కాబట్టి మనం వెతకాల్సింది వసంత గోధుమల్లోనే. వాటిలోనూ తొందరగా కోతకొచ్చేవే పనికొస్తాయి. గింజ పాలుపోసుకునే వేళ ఎండ 30 డిగ్రీలు దాటితే గింజ నొక్కుకుపోతుంది.

తుప్పు తెగులును తట్టుకోవడం మరో షరతు. కాండం తుప్పు బీజాలు నీలగిరి, పళని కొండల్లో ఏడాది పొడవునా బతికి, బంగాళాఖాతం తుపాను గాలులతో మధ్య భారతం దాకా పోతాయి. అందుకే భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1954లో నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో గోధుమ కేంద్రం పెట్టింది. ఆ కేంద్రం, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి ఇచ్చిన సీఓడబ్ల్యూ 1 రకం సుమారు మూడు నెలల్లో చేతికొస్తుంది.

చేను పండినంత మాత్రాన బ్రెడ్డు పొంగదు. పిండిలోని గ్లూటెన్ సాగి, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచాలి. తమిళనాట పేరున్న సాంబా గోధుమలో మాంసకృత్తులు తక్కువేం కాదు. కానీ దానికి ఏ, బీ అనే రెండు జన్యు సముదాయాలే ఉన్నాయి. బ్రెడ్డు గోధుమకు ఒక అడవిగడ్డి నుంచి మూడోది, డీ, కూడా వచ్చింది. పిండికి బిగువిచ్చే గ్లూటెనిన్లలో ముఖ్యమైనవి దానిలోనే ఉన్నాయి. అందుకే సాంబా ఉప్మాకు, పాయసానికి దివ్యంగా ఉంటుంది, బ్రెడ్డుకు చాలదు.

ఈ తేడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు రకాల పిండినీ విడివిడిగా జల్లించి, సమానంగా తూచి, దేనికది నీళ్లతో గట్టిగా కలిపి అరగంట నానబెట్టండి. ముద్దను నీటిధార కింద మెల్లగా పిసికితే గంజిపిండి తెల్లగా కారిపోతుంది. చివరికి చేతిలో మిగిలే జిగురు గ్లూటెన్. లాగితే తెగకుండా సాగి, మళ్లీ ముడుచుకునేది రొట్టెకు పనికొస్తుంది. సాగి జారిపోయేది, పుటుక్కున తెగిపోయేది పనికిరావు.

ఇక సాగు సంగతి. నవంబర్‌లో ఈశాన్య రుతుపవనపు వానలు తెరిపిచ్చినప్పుడు, నీరు నిలవని మడిలో విత్తాలి. ఎకరాకు 40 కిలోల విత్తనం సరిపోతుంది. 20 నుంచి 25 రోజుల మధ్య, కిరీటపు వేర్లు దిగే వేళ ఇచ్చే తడి అన్నిటికన్నా ముఖ్యం. అది తప్పితే పిలకలు తగ్గుతాయి. నత్రజని మొత్తం ఒకేసారి వేయకుండా కొంత వెన్ను తీసే ముందుకు ఆపితే గింజలో మాంసకృత్తులు పెరుగుతాయి.

వరి, వేరుశనగ, చెరకు నమ్ముకున్న రైతు వాటిని వదిలి గోధుమకు మారమని చెప్పను. కొద్ది సెంట్లలో ఒక సీజను వేసి, పండిన గింజను విసిరి, జిగురు కడిగి చూసి నిర్ణయించుకోవాలి. విరించిపురంలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని ముందుగా అడగడం మేలు. దూరదేశపు రకం పేరు ఎంత గొప్పదైనా, మన రాత్రుల వేడికి వెన్ను తీయగలదా అన్నదే విత్తనానికి వేయాల్సిన మొదటి ప్రశ్న.